రెండో బ్రేకు

"గేటుకి అడ్డంగా పెట్టిన ఆ బండిని తీయమని మీ అమ్మాయికి చెప్పు."

"ఎదురుగానే కూర్చుంది కదండీ! మీరే చెప్పండి."

"నాకు క్లాసుంది. స్కూలు కారు బయటికి తియ్యాలి."

"అది కూడా దానికే చెప్పండి. మీ ఇద్దరి మధ్యా నేనేమైనా పోస్టాఫీసునా?"

మాస్టారు చెప్పలేదు. రొట్టెముక్కని టీలో ముంచి అలాగే పట్టుకున్నారు. అది నాని, విరిగి, కప్పులో పడిపోయింది. దాన్ని చూస్తూ ఊరుకున్నారు.

పిచ్చుక లేచి తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

చిన్నప్పుడు డ్రైవింగ్ స్కూలు కారులో రెండు దిండ్లు వేసుకుంటే తప్ప స్టీరింగ్ మీదుగా రోడ్డు కనబడేది కాదు. అప్పుడు తండ్రి పెట్టిన పేరది. ఇప్పుడు ఆ పిచ్చుక ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. గేటు ముందు నిలబడి ఉన్నది మాత్రం గద్ద.

ముదురు నీలం రంగు. రెండే తలుపులు. నేలని వాసన చూస్తున్నట్టు వంగిన ముందు భాగం, బానెట్ కింద టర్బో. ముగ్గురి చేతులు మారి వచ్చినా పొగరు తగ్గలేదు. తాళం తిప్పగానే ఎదురింటి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆ ఇంటి కర్టెన్ ఒకసారి కదిలి మళ్ళీ సర్దుకుంది.

ఆ చప్పుడు వింటే పిచ్చుకకి గుండె నిండేది. ఈ ఉదయం నిండలేదు. ఈ రోజు శనివారం. ఈ రోజే ఆ ఫోను వస్తుంది.

బండిని గోడవారకి జరిపింది. మాస్టారు స్కూలు కారు తీసి, కూతురి పక్కనుంచే, ఆమె అక్కడ లేనట్టే వెళ్ళిపోయారు. మలుపు దగ్గర ఎవరూ లేకపోయినా ఇండికేటర్ వేశారు. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళలో ఎవర్ని అడిగినా ఆయన పేరు చెప్పరు, 'మెల్లగా మాస్టారు' అంటారు. ఆయన నోట్లోంచి ఎక్కువసార్లు వచ్చిన మాట అదే.

నీలం కారు వచ్చినప్పటి నుంచి ఆ మాట కూడా కూతురి కోసం రాలేదు.

*

ముందుగది సగం ఇల్లు, సగం ఆఫీసు. బల్ల మీద క్లాసుల కోసం ఫోన్ చేసేవాళ్ళ సమయాలు రాసుకునే పలక, పక్కన మాస్టారి సెల్‌ఫోను. క్లాసుకి వెళ్ళేటప్పుడు ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళడం ఆయన నియమం. బండిలో ఫోనుండకూడదని శిష్యులకి చెప్పేవాడు తన జేబులో పెట్టుకోకూడదంటారు.

పిచ్చుక ఆ ఫోనునే చూస్తూ కూర్చుంది.

మోగింది.

ఆమె చెయ్యి చాపేలోపే వంటింట్లోంచి తల్లి వచ్చేసింది. రెండు చేతులకీ పిండి. మోచేత్తో స్పీకరు నొక్కింది.

"డ్రైవింగ్ స్కూలండీ, చెప్పండి."

"మేడమ్, ఇన్సూరెన్స్ నుంచి. సార్ ఉన్నారా? ముదురు నీలం కారు పాలసీ విషయం. ఆ బండికి మెయిన్ డ్రైవర్ సారే అని, అమ్మాయి ఎప్పుడైనా ఓసారి నడుపుతుందని మాకు చెప్పారు. సార్ తన నోటితో ఒక్కసారి అవునంటే సరిపోతుంది."

తల్లి కళ్ళు ఫోను మీంచి కూతురి మీదికి వచ్చి ఆగిపోయాయి.

"ఆయన క్లాసులో ఉన్నారు."

"పర్లేదు మేడమ్, కాసేపాగి చేస్తాను. ఈ రోజు ముగిసేలోపు చెప్పకపోతే పాలసీ రద్దయిపోతుంది."

ఫోను ఆగింది. తల్లి పిండి చేతుల్ని కొంగుకి తుడుచుకుంది. ఆ పని ఆమె ఎన్నడూ చెయ్యదు.

"ఏంటే ఇది?"

"అందరూ చేసేదే అమ్మా."

"అందరూ అంటే ఎవరు?"

"టైర్ల షాపు ఓనరు వాళ్ళబ్బాయికి అలాగే చేయించాడంట. ఆయనే చెప్పాడు, మీ నాన్న పేరు పెట్టుకో, నీ పేరు కింద ఇరికించు అని."

"అంటే మీ నాన్న ఆ బండేసుకుని ఊరంతా తిరుగుతున్నాడు, నువ్వు పాపం పండక్కో పబ్బానికో ఓసారి ముట్టుకుంటున్నావు. అంతేనా?"

"నా పేరు మీద అడిగితే ప్రీమియం బండి ఖరీదుని దాటిపోయిందమ్మా! వయసు తక్కువంట, లైసెన్సు కొత్తదంట, పైగా టర్బో అంట. ఫోన్లో ఆవిడ నవ్వింది. నిజంగా నవ్వింది. ముందు కొనేసి తర్వాత అడుగుతున్నారా అంది."

"ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది నీ యవ్వారం. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె!"

"నాకు మీసాల్లేవు."

"నీకు లేకపోతే నీ కారుకున్నాయిగా. ముందర నల్లగా వేలాడుతోందే, అదేంటి మరి?"

ఇంకో రోజైతే పిచ్చుక నవ్వేసేది. తల్లి కూడా నవ్వించడానికి అనలేదు. భయపడితే ఆమె నోటికి సామెతలు పుట్టుకొస్తాయి.

"మీ నాన్న లైసెన్సేంటో తెలుసా నీకు? అందరికీ ఉండేది కాదు. నేర్పే లైసెన్సు. మనం తింటున్న కూడు అది. బండి విషయంలో ఆయన అబద్ధమాడాడని తెలిస్తే రేపే బోర్డు పీకేయాలి."

"తెలిస్తే కదా."

"తెలిసేదాకా అన్ని అబద్ధాలూ బంగారమే." తల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ మావయ్యకి ఒక్క క్లాసు తక్కువైంది. ఒకే ఒక్కటి. నేర్చుకోవడం పూర్తయిందని రాసివ్వమంటే మీ నాన్న రాయలేదు. రేపు వచ్చి ఆ ఒక్కటీ కూర్చో అన్నాడు. వాడు ఆ రోజు అలిగి వెళ్ళినవాడు, ఇప్పటికీ ఈ గడప తొక్కలేదు. నా సొంత తమ్ముడు! ఆ మనిషి చేత నువ్వు అవుననిపిస్తావా?"

పిచ్చుక గోళ్ళ వైపు చూసుకుంది. ఎంత రుద్దినా టైర్ల నలుపు పోవడం లేదు.

కాలేజీలో చేరినప్పటి నుంచీ శనాదివారాలన్నీ ఆ షాపులోనే పని. ఈ రోజొక్కటే సెలవు పెట్టింది. మొదట్లో క్లాసువాళ్ళు సినిమాకి రమ్మనేవాళ్ళు. పనుందనేది. క్యాంటీన్‌కి రమ్మనేవాళ్ళు. ఆకలి లేదనేది. కొన్నాళ్ళకి పిలవడం మానేశారు. తప్పు వాళ్ళది కాదు. ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోని తలుపుని ఎవరు మాత్రం ఎంతకాలం కొడతారు?

ఆ జీతం కూడబెట్టి బండి కొన్నాక కాలేజీకి తీసుకెళ్ళింది. అందరూ చుట్టూ చేరారు. బానెట్‌కి ఆనుకుని ఫోటోలు తీసుకున్నారు. ఒకడు ఆమె చేతికే ఫోనిచ్చి తీయమన్నాడు. తర్వాత గంట కొట్టారు, అందరూ వెళ్ళిపోయారు. సాయంత్రం ఆమె ఒక్కతే బయల్దేరింది. పక్క సీట్లో పుస్తకాల సంచి పెడితే, ఆ బరువుకి మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు పెట్టుకోమని కారు కుయ్యికుయ్యిమంది. సంచికి బెల్టు పెట్టింది. కారు నోరు మూసుకుంది. అప్పటి నుంచి రోజూ అంతే.

"అసలు నీకా కారెందుకే?" తల్లి గొంతు తగ్గింది. "కాలేజీకి బస్సుంది. కావాలంటే చిన్నదేదో కొనుక్కో. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నట్టు, అది తాగే పెట్రోలుకే నీ జీతం చాలదు."

"దాన్లో బ్రేకు ఒక్కటే ఉంటుందమ్మా."

"ఏ కారులోనైనా ఒక్కటేగా?"

"మనింట్లో రెండు."

స్కూలు కారులో మాస్టారు కూర్చునే ఎడమ సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే ఆయన తొక్కడానికి. పిచ్చుక ఆ కారులోనే నేర్చుకుంది, ఆ కారులోనే పరీక్ష పాసయింది. ఆమె జీవితంలో నడిపిన ప్రతి గజం దూరమూ ఇంకొకరి కాలికి అందుబాటులోనే నడిచింది.

"నా కాలు తప్ప ఇంకెవరి కాలూ అందని బండి ఒక్కటి కావాలనిపించింది. అంతే."

తల్లికి సామెత దొరకలేదు.

"నచ్చకపోతే శనివారం సాయంత్రంలోపు వెనక్కి తెచ్చెయ్యమన్నాడు బండి అమ్మిన గ్యారేజీవాడు," అంది పిచ్చుక. "కొంత కోసుకుని మిగతాది ఇస్తాడంట. నాన్న అవునంటే ఉంటుంది. లేదంటే ఈ సాయంత్రం వెళ్ళిపోతుంది."

"అయితే వెళ్ళి ఆయనకి చెప్పు. నీ నోటితో, ఆ ఫోను రాకముందే."

"నాతో మాట్లాడితే కదా!"

"కారెక్కించు. ఆయన నోరు పెగిలేది పక్క సీట్లో కూర్చున్నప్పుడే. నన్ను చేసుకుంటానని చెప్పింది ఎక్కడనుకున్నావ్? నేను ఆయన దగ్గర నేర్చుకుంటున్నప్పుడు. కుడి వైపు ఇండికేటర్ వెయ్యి అన్నాడు, వేశాను. నన్ను పెళ్ళి చేసుకుంటావా అన్నాడు. నేను బండాపేశాను. నడిరోడ్డు మీద ఆపకూడదు అన్నాడు."

*

మాస్టారు తిరిగొచ్చి చెప్పులు విడుస్తుంటే పిచ్చుక ఎదురెళ్ళి నిలబడింది.

"నాన్నా, ఒక్కసారి నా బండెక్కు. మైదానం దాకా."

ఆయన ఆమె మొహం చూడలేదు. పక్కనుంచి తప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పిచ్చుక అలాగే నిలబడిపోయింది. లోపల సొరుగు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. ఆయన బూట్లు వేసుకుని బయటికి వచ్చారు. చేతిలో రబ్బరు మూతితో అద్దానికి అతుక్కునే చిన్న అద్దం. మాస్టర్లు వెనక రోడ్డు చూసుకోవడానికి తమ వైపు అతికించుకునేది.

నీలం కారు తలుపు తీసి వంగి చూశారు. సీట్లో సంచి, దాని మీదుగా బెల్టు.

"దీనికి బెల్టెందుకు?"

కారు వచ్చాక కూతురితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"పెట్టకపోతే అరుస్తుంది."

"వెనక పడేస్తే అరవదుగా."

పిచ్చుక స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూసి, బెల్టు విప్పి, సంచిని కింద పడెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆ బెల్టు తాను పెట్టుకున్నారు. చిన్న అద్దాన్ని ముందు అద్దానికి అతికించారు. రెండుసార్లు ఊడింది. మూడోసారి ఉమ్ము రాసి అతికించారు.

మైదానమంటే మూతపడ్డ గిడ్డంగి వెనక ఉన్న సిమెంటు నేల. అద్దెకి తీసుకుని శిష్యులకి అక్కడే నేర్పుతారు. ఒక చివర ఇటుకల గోడ, దాని ముందు వరసగా నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు. కోన్ల ముందు ఆపాలి. అది మొదటి పాఠం. పిచ్చుక కళ్ళు మూసుకుని చెయ్యగల పాఠం.

"మెల్లగా," అన్నారు మాస్టారు.

ఆ మాట విన్నాక ఆమెకి కన్నీళ్ళొచ్చినంత పనయింది. అదే సమయంలో ఒళ్ళు మండింది కూడా. మెల్లగా ఎందుకు? చూడనీ. ఒక్కసారి చూస్తే ఈయనకే తెలుస్తుంది, నేనెలా నడుపుతానో. అప్పుడు ఫోను సంగతి చెప్పొచ్చు.

యాక్సిలరేటర్ తొక్కింది. ఒక్క క్షణం బండి ఊపిరి బిగబట్టింది. తర్వాత టర్బో అందుకుంది. వీపు సీటుకి అతుక్కుపోయింది. గిడ్డంగి రేకులు హోరెత్తాయి. రెండో గేరు. కాలేజీ దారి ట్రాఫిక్‌లో ఇంత వేగానికి ఎన్నడూ పోలేదు. కోన్లు పరిగెత్తుకుంటూ ఎదురొచ్చాయి. ఎప్పుడూ తొక్కే చోట, ఎప్పుడూ తొక్కినంతే బ్రేకు తొక్కింది.

బండి ఆగలేదు.

వేగం తగ్గింది కానీ ఆగలేదు. ఆమె కాలు అక్కడే ఉండిపోయింది, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. పక్కన ధనధనా చప్పుడు. కోన్లు ఎగిరిపడ్డాయి. ఒకటి బండి కిందికి పోయి కరకరలాడింది. గోడ అద్దం నిండా నిండిపోయింది. అప్పుడు గాని ఆమె కాలు పూర్తిగా నేలకి దిగలేదు.

ఇంజను ఆగిపోయింది.

గోడకీ బండికీ మధ్య చెయ్యి పెట్టేంత సందుంది. చిన్న అద్దం ఊడి మాస్టారి ఒళ్ళో సంచి మీద పడింది. ఆయన రెండు చేతులూ సంచిని పట్టుకుని ఉన్నాయి. కుడి బూటు ముందుకి చాచి, ఏమీ లేని నేలని ఇంకా బలంగా తొక్కుతూనే ఉంది. కింద చాప ముడతలు పడిపోయింది.

పిచ్చుక ఆ బూటుని చూసింది. ఇందాకటి చప్పుడు ఏమిటో తెలిసింది.

ఇంకోటి కూడా తెలిసింది. అది తెలియడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టింది.

"నాన్నా, స్కూలు కారులో నువ్వు బ్రేకు తొక్కితే బజర్ మోగాలి కదా. అన్ని స్కూళ్ళ కార్లలోనూ మోగుతుంది. మన దాన్లో ఎప్పుడూ మోగలేదు."

మాస్టారు సంచి మీద పడ్డ చిన్న అద్దాన్ని తీసి తుడిచారు.

"దాని వైరు పీకేశావా?"

"నువ్వు నేర్చుకుంటున్న కొత్తల్లో. ఓసారి మోగింది. నువ్వు స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చావు. ఆ సాయంత్రమే పీకేశాను." ఆయన గోడ వంక చూస్తూ చెప్పారు. "తర్వాత మిగతావాళ్ళకీ అదే బాగుందనిపించింది. మోగితే సిగ్గుపడతారు. మోగకపోతే తామే ఆపామనుకుంటారు. ధైర్యం వస్తుంది కదా అని."

"నాకు ప్రతిసారీ తొక్కావా?"

"ప్రతిసారీ కాదు."

"నిజం చెప్పు."

"సగం నువ్వే తొక్కేదానివి. మిగతా సగం... నా కాలు దానంతటదే వెళ్ళిపోయేది. నువ్వు తొక్కుతావో లేదో చూద్దామని ఒక్కసారీ ఆగలేకపోయాను."

మాస్టారు కాలేస్తే తెలియదు అని ఊరంతా మెచ్చుకుంటారు. ఎక్కడ తన కాలు అయిపోయిందో, ఎక్కడ ఆయనది మొదలైందో శిష్యుడికి తెలియనివ్వరంటారు. పిచ్చుక కూడా చాలామందికి గొప్పగా చెప్పింది. ఇన్నేళ్ళూ తాను అనుకున్న పిచ్చుక, ఎవరికన్నా బాగా నడిపే పిచ్చుక, సగమే ఉంది. మిగతా సగం పక్క సీటు కింద ఉంది.

బండి తలుపులు మూసి ఉన్నాయి. పక్కనే తండ్రి ఉన్నాడు. అయినా ఆ బండిలో ఇంత ఒంటరిగా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. సంచికి బెల్టు పెట్టిన సాయంత్రం కూడా.

"దిగుదాం," అంది. "నడిచి వెళ్ళిపోదాం. వచ్చి గ్యారేజీవాడు తీసుకుపోతాడు."

"వెనక్కి తియ్యి."

"నాన్నా..."

"వెనక్కి తియ్యి. కోన్లు నేను పెడతాను."

ఆయన దిగి, ఎగిరిపడ్డ కోన్లన్నీ ఏరి, నలిగినదాన్ని కూడా సాగదీసి వరసలో పెట్టారు. తిరిగొచ్చి కూర్చున్నారు. సంచిని వెనక్కి పెట్టారు. తర్వాత పిచ్చుక ఎన్నడూ చూడని పని ఒకటి చేశారు. బూట్లు విప్పేసి, రెండు కాళ్ళూ మడిచి సీటు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఆ ఇరుకు సీట్లో మోకాళ్ళు తలుపుకి తగిలి నొప్పి పుట్టి ఉంటుంది.

"ఇప్పుడు ఆపు."

మెల్లగా అనలేదు.

ఈసారి ఆమె కోన్లకి చాలా ముందే తొక్కేసింది. బండి ముక్కు నేలకి కొట్టుకున్నంత పనయింది. బెల్టు భుజాన్ని కోసింది. మాస్టారు కాళ్ళతో సహా ముందుకి జారి, డాష్‌బోర్డుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మరీ ముందే ఆపేశాను."

"ఆపావు కదా."

మళ్ళీ, మళ్ళీ చేయించారు. కాళ్ళు కిందికి దించలేదు. ఒకసారి ఆయన బొటనవేలు దానంతటదే ముందుకి వంగడం పిచ్చుక చూసింది. ఆయన చేత్తో పాదాన్ని పట్టుకుని ఆపుకున్నారు.

*

ఇంటికొస్తుంటే ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. అమ్మ చెప్పినట్టే. పిచ్చుక దిండ్ల మీద కూర్చుని ఆగి ఉన్న కారుకి హారన్ కొట్టి పక్కింటాయన్ని నిద్రలేపిన సంగతి, ఆయన లుంగీ సర్దుకుంటూ బయటికి పరిగెత్తుకొచ్చిన సంగతి. తనే చెప్పి తనే నవ్వారు.

"బండి మంచిదే," అన్నారు. "క్లచ్ కొంచెం అరిగింది. పొగరుంది. పొగరుండటం తప్పు కాదు."

ఇప్పుడు చెప్పాలి. ఇదే సమయం. పిచ్చుక నోరు తెరిచింది.

చెబితే ఈ నవ్వు ఆగిపోతుంది. ఎన్ని రోజుల తర్వాత వచ్చిన నవ్వు! ఇంకో మలుపు దాకా ఆగుదామనుకుంది. ఆ మలుపు వచ్చింది, ఇండికేటర్ వేసింది, తిప్పింది. ఇంకో మలుపు వచ్చింది. గేటు వచ్చేసింది.

ముందుగదిలో తల్లి పలక ముందు కూర్చుని ఉంది. ఇద్దరూ కలిసి లోపలికి రావడం చూసి ఆమె మొహం విప్పారింది. కూతురి కళ్ళలోకి చూసి, చెప్పావా అన్నట్టు కనుబొమ్మలెత్తింది. పిచ్చుక తల దించుకుంది. ఆ మొహం మళ్ళీ ముడుచుకుపోయింది.

మాస్టారు బూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని చెప్పుల్లోకి కాళ్ళు దూర్చారు.

"కాస్త టీ పెట్టవే. మీ అమ్మాయి నా మోకాళ్ళు విరగ్గొట్టింది."

అప్పుడు ఫోను మోగింది.

తల్లి కదల్లేదు. పిచ్చుక కదల్లేదు. "ఏంటలా చూస్తారు, తేలు కనబడ్డట్టు?" అని మాస్టారే స్పీకరు నొక్కారు.

"నమస్తే సార్, ఇన్సూరెన్స్ నుంచి. ఇందాక కూడా చేశాను. ముదురు నీలం కారు పాలసీ గురించి. ఆ వాహనానికి మెయిన్ డ్రైవర్ మీరేనని మీ అమ్మాయిగారు చెప్పారు. మీరు అవునంటే చాలు సార్. కాల్ రికార్డవుతోంది."

మాస్టారు మొహంలో ఏ మార్పూ లేదు. కూతురి వైపు కూడా తిరగలేదు. ఫోనునే చూస్తూ కూర్చున్నారు.

"సార్?"

"వింటున్నానమ్మా."

పిచ్చుక చూపు బల్ల కిందికి పోయింది. ఆయన కుడి కాలు ముందుకి జరిగింది. చెప్పు నేలకి నొక్కుకుంది. ఇంకా గట్టిగా నొక్కుకుంది. మడమ దగ్గర నరం ఉబ్బింది.

ఆమెకి అర్థమైంది. ఆయన అవునంటారు.

సొంత బావమరిదికి ఒక్క క్లాసు ఎక్కువ రాయని మనిషి, ఇప్పుడు నోరు తెరిచి అవునంటారు. మెత్తగా, ఎవరికీ తెలియకుండా, ఏ బజరూ మోగకుండా. బండి ఉండిపోతుంది. ఆమె తనే ఆపాననుకుంటూ బతికేస్తుంది.

మాస్టారి పెదవులు కదిలాయి.

కాలు ఆగింది.

ఆయన మెల్లగా ఆ కాలిని చెప్పులోంచి బయటికి తీశారు. తర్వాత రెండోది. రెండు కాళ్ళూ పైకి లాక్కుని, నొప్పికి పళ్ళు బిగించి, కుర్చీ మీద బాసింపట్టు వేసుకున్నారు. ఫోనుని వేలితో బల్ల మీదుగా కూతురి వైపు నెట్టారు.

"ఆ బండి గురించి చెప్పాల్సింది మా అమ్మాయమ్మా. ఇక్కడే ఉంది. అడుగు."

తల్లి చేతిలో సుద్దముక్క విరిగింది.

బల్ల కింద చెప్పులు రెండూ ఖాళీగా ఉన్నాయి. కిటికీలోంచి, గోడవారన నిలబడ్డ నీలం బండి సగమే కనబడుతోంది. దాని ముందు భాగానికి నారింజ రంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇంకా అతుక్కుని ఉంది.

"మేడమ్, చెప్పండి. ఆ కారు రోజూ నడిపేది ఎవరు?"

మాస్టారు రెండు చేతులతో తన పాదాన్ని పట్టుకున్నారు.

"మేడమ్? నా మాట వినిపిస్తోందా?"

పిచ్చుక ఫోనుని దగ్గరికి లాక్కుంది.

"వినిపిస్తోంది," అంది.